మొదటి రింగుకే ఎత్తే ఫోను

మెసేజ్ వచ్చిన చప్పుడు మా బావకు వినపడలేదు. తెర వెలిగింది కాబట్టి చూశాడు. బల్లకు అవతల కూర్చున్న కంపెనీ ఏజెంటు ముందుకు వంగి, "అంకుల్, ఇప్పుడొచ్చిన కోడ్ జర చూపిస్తరా?" అన్నాడు. బావ తల ఊపి ఫోను అతని ముందుకు జరిపాడు. ఏజెంటు ఆ కోడ్‌ను తన ఫోనులోకి ఎక్కించుకున్నాడు.

"అయిపోయింది అంకుల్. కొన్ని రోజులల్ల మీ నంబరు మా సిస్టమ్‌లకు మారుతది. ఇగ మీ షాపుకు ఒక్క కాల్ గూడ మిస్ కాదు."

బావ మళ్లీ తల ఊపాడు. మా అక్క అందరికీ చాయ్ పోసింది. నా మేనకోడలు తండ్రి భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. నేను కప్పు అందుకున్నాను. హనుమకొండ నుంచి హసన్‌పర్తి పోయే రోడ్డు మీద, వార్నిష్ వాసన ఎప్పుడూ వదలని మోటార్ వైండింగ్ షాపులో, అందరి కళ్ల ముందే జరిగింది ఆ పని. దాన్ని వెనక్కి తిప్పడానికి ఇప్పటికీ తిరుగుతున్నాం.

మా బావ వ్యవసాయ బోరు మోటార్లు బాగుచేస్తాడు. వోల్టేజీ తగ్గినప్పుడో, ఒక ఫేజ్ పోయినప్పుడో మోటారు లోపలి రాగి తీగ కాలిపోతుంది. కాలిన తీగను లాగేసి కొత్తది చుట్టాలి. చుట్టిన మోటారును మళ్లీ బోరులో దించి, నీళ్లు పడ్డాయని చూసుకున్నాక, ఆయన చేసే చివరి పని ఒకటుంది. స్టార్టర్ డబ్బా మూత తెరిచి లోపలివైపు ఎర్ర పెయింటుతో తన ఫోను నంబరు రాస్తాడు. బయట రాస్తే ఎండకూ వానకూ పోతుందని లోపల రాస్తాడు. పేరు ఉండదు, షాపు పేరూ ఉండదు. నంబరొక్కటే. మొదటిసారి మొబైల్ కొన్న నాటి నుంచి ఉన్న అలవాటు. ఇటు హసన్‌పర్తి, అటు ధర్మసాగర్ చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని డబ్బాల్లో ఆ నంబరు ఉందో ఆయనకే తెలియదు.

మోటారు కాలితే రైతు డబ్బా మూత తెరుస్తాడు, నంబరు చూస్తాడు, మిస్డ్ కాల్ ఇస్తాడు. ఒక్క రింగు పోగానే కట్ చేస్తాడు. బావ అది చూసి తానూ ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. చూశాను, వస్తున్నాను అని దానర్థం. వైండింగ్ పూర్తయ్యాక ఇంకొకటి ఇస్తాడు. పని అయింది, మోటారు దించడానికి మనిషిని పెట్టుకొమ్మని అర్థం. కాల్ చేస్తే డబ్బులు కోసుకునే రోజుల్లో పుట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు ఎంత మాట్లాడినా ఒకటే రీచార్జి. అయినా ఎవరూ మానలేదు. ఎందుకు మానలేదని నేనొక రైతును అడిగాను. "మోటర్ కాలిందని చెప్పుటానికి మళ్ల మాటలెందుకు సారూ? ఇంకేం పనుంటది మిస్త్రితోని? ఆయనతోని ఏమన్న పిల్లనిచ్చే ముచ్చట మాట్లాడుతనా?" అన్నాడు.

బావ ఫోనులో ఆ నంబర్లకు మనుషుల పేర్లు ఉండవు. మోటారు సైజు, పొలం గుర్తు ఉంటాయి. "కాలువ మీది ఐదు హెచ్‌పీ", "గుట్ట కింద మూడు హెచ్‌పీ" అని. ఒక నంబరుకు మాత్రం "లొల్లి ముసలాయన" అని ఉంది. ఆ ముసలాయన తర్వాత వస్తాడు.

నా మేనకోడలు హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షన్ చూస్తుంది. ఒక ఆదివారం తండ్రి ఫోనుకు రీచార్జి చేయబోయి కాల్స్ వరుస చూసింది. అంతా ఎరుపే. మర్నాడు నా దగ్గరికి వచ్చింది.

"మామా, ఇది జర చూడు. బాపు ఒక్క కాల్ గూడ ఎత్తుతలేడు."

"మిస్డ్ కాల్స్ ఇస్తరు గదనే, రైతులు."

"అది నాకు తెల్వదా. చిన్నప్పటి సంది చూస్తాన్న. ఇవి చూడు, ఎంతసేపు మోగిందో గూడ చూపెడతాంది. చివరిదాక మోగినై. కొత్త గిరాకి ఇది. ఎత్తకపోతే వేరే షాపుకు పోతరు. పోతాన్రు గూడ."

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. బావకు చెవులు మందగించిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎన్నో ఏళ్లుగా మోటార్ల మోత మధ్య, గ్రైండర్ పక్కన పనిచేస్తున్న మనిషి. ఎంత మందగించాయన్నది మాత్రం మాకు తెలియదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే సరిగ్గానే జవాబు చెప్పేవాడు. మోటారు షాపుకు వచ్చినవాళ్లు అడిగేవి రెండే: ఎందుకు కాలింది, ఎప్పుడిస్తవు. పెదాలు కదిలే తీరును బట్టి ఏది అడిగారో ఆయన పోల్చుకునేవాడని మాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

షాపుకు ఏదో ఒక ఫోను ఏర్పాటు చేయాలని అక్కా, మేనకోడలూ అనుకున్నారు. ఎలాంటిది పెట్టాలో చూడమని నన్ను పిలిచారు. "పేపర్ల పనిచేసినోడివి తమ్మీ, నీకు తెల్వనిది ఏముంటది" అంది అక్క. పత్రికలో పనిచేసినవాడికి ప్రతిదాని గురించీ కొంచెం తెలుస్తుంది, ఏదీ పూర్తిగా తెలియదు. ఈ మాట అక్కతో చాలాసార్లు అన్నాను. ఆమె నమ్మదు.

మా ముందు మూడు దారులున్నాయి. షాపులో ఒక ల్యాండ్‌లైన్ పెట్టి, మేడ మీద ఇంట్లోకి దాని తీగ లాగితే అక్క ఎత్తుతుంది. అక్క ఆ మాట పూర్తి కానివ్వలేదు. "అన్నం ఒండుకుంట మోటర్ల ముచ్చట నేను చెప్పాల్నా? ఐదు హెచ్‌పీ అంటె నాకేమెరుక? కుక్కర్ విజిల్స్ లెక్కవెట్టుడే నాతోని అయితలేదు." రెండోది, ఫోను ఎత్తడానికి షాపులో ఒక మనిషిని పెట్టుకోవడం. బావ ఎవరినీ పెట్టుకోనివ్వడు. పెట్టుకుంటే, తనకు వినపడదని ఊరందరికీ బోర్డు రాసి పెట్టినట్టే అని ఆయన భావం. ఆ మాట ఆయన అనలేదు, అక్క చెప్పింది.

మూడోది మేనకోడలు తన ఆసుపత్రిలో చూసిన సిస్టమ్. ఫోను వస్తే కంప్యూటరే ఎత్తుతుంది. మోటారు కాలితే ఒకటి నొక్కమంటుంది, రిపేరు ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే రెండు నొక్కమంటుంది. ఆ తర్వాత కాల్ మేనకోడలి ఫోనుకు వస్తుంది. ఆమె డ్యూటీలో ఉంటే అవతలివాళ్లు చెప్పిన మాటలు అక్షరాలుగా మారి బావ ఫోనులో కనపడతాయి. దాన్ని అమ్మే కంపెనీ ఏజెంటు మా ముందే తన ఫోనులోకి మాట్లాడి చూపించాడు. "అన్నా, మోటర్ కాలింది" అన్నాడు. తెర మీద ఆ మూడు మాటలూ పడ్డాయి. వినపడని మనిషికి ఇంతకంటే ఏం కావాలి అని నాకూ అనిపించింది.

కొత్త నంబరు తీసుకొమ్మని ఏజెంటు అన్నాడు. మేనకోడలు ఒప్పుకోలేదు. "డబ్బాలల్ల అంత పాత నంబరే ఉన్నది. కొత్తది తీస్కొని ఏం జేసుకోవాలె? పాతదే మార్చుండ్రి" అంది. అది సరైన మాటే. తండ్రి వైపు తిరిగి, "బాపూ, పాత నంబరే సిస్టమ్‌ల పెడుదమా?" అని అడిగింది. బయట గ్రైండర్ తిరుగుతోంది. బావ తల ఊపాడు.

మా డెస్కులో ఒక పద్ధతి ఉండేది. ఒక వార్త వేశాక ఖండన రాకపోతే అది నిజమేనని అనుకునేవాళ్లం. ఎదుటివాడికి ఆ రోజు పేపరు అందలేదేమో అని ఎవరూ ఆలోచించేవారు కాదు.

కొన్ని రోజులకు బావ ఫోనులో సిగ్నల్ పోయింది. సాయంత్రం మేడ మీదికి వచ్చి ఫోను అక్క చేతికిచ్చాడు. "సిమ్ ఖరాబైనట్టున్నది. పొద్దుగాల సంది ఒక్క రింగు లేదు" అన్నాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. మేనకోడలు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది.

"సిమ్ కాదు బాపూ, నంబరు సిస్టమ్‌లకు పోయింది. ఆ రోజు సరే అన్నవు గద."

బావ ఆమె పెదాల వైపు చూస్తూ తల ఊపాడు.

అక్క గరిటె పక్కన పెట్టింది. "ఆయన తల ఊపిండని మీరు సరే అనుకున్నరా?" అంది. "నాతోని ఎన్నేండ్ల సంది గట్లనే ఊపుతాండు. పండుగకు చీర కొనాలంటె ఊపుతడు, ఉప్పు అయిపోయిందంటె ఊపుతడు. చెవుడు ముదిరినకొద్ది మనిషి ఇంకింత మంచోడైండు."

మేనకోడలు నవ్వబోయి ఆగిపోయింది. తన ఫోను తీసి, పెద్ద అక్షరాలతో జరిగినదంతా టైపు చేసి తండ్రికి చూపించింది. బావ కళ్లజోడు పెట్టుకుని నింపాదిగా చదివాడు. చదివి ఒకే మాట అడిగాడు.

"మరి మిస్డ్ కాల్?"

ఆమె మళ్లీ టైపు చేసింది. మొదటి రింగుకే కంప్యూటర్ ఎత్తుతుంది కాబట్టి ఇక మిస్డ్ కాల్స్ ఉండవని రాసింది. ఏజెంటు దాన్ని గొప్పగా చెప్పినట్టే ఆమె కూడా రాసింది. బావ చదివాడు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, ఫోను ఆమెకు ఇచ్చేసి, మెట్లు దిగి షాపులోకి వెళ్లిపోయాడు.

మిస్డ్ కాల్‌కు చెవులు అక్కర్లేదని నాకు అప్పుడు తట్టింది. తెర వెలగడం కనపడితే చాలు. రైతు మాట్లాడడు, బావ మాట్లాడడు. చెవులు తగ్గుతూ వచ్చిన ఆ ఏళ్లన్నీ ఆయన అందరు మిస్త్రీల మాదిరిగానే పని చేసుకుంటూ వచ్చింది దాని మీదే. ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చిందీ దాని మీదే. ఆయన షాపుకు ఫోను ఏర్పాటు అప్పటికే ఉంది. మేం చూసిన ఎర్రటి వరుసలో చాలావరకు అదే.

యాసంగి పంటకాలం సగం గడిచాక ఒక పొద్దున ట్రాలీ ఆటోలో మోటారు వేసుకుని లొల్లి ముసలాయన దిగాడు. ధర్మసాగర్ అవతల, కాలువ నీళ్లు ఎక్కని మెరక మీద ఆయన పొలం. నేను షాపులోనే పేపరు చదువుతూ కూర్చున్నాను. ఆయన స్టూలు లాక్కుని బావ ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం మిస్త్రీ, నా మీద కోపమొచ్చిందా?"

బావ తల ఊపాడు.

"ఊపుతాండు చూడు. నేనేం జేసిన్నయ్యా నిన్ను? మిస్డ్ కాల్ ఇద్దామంటె ఇయ్యనిస్తలేవు. రింగు పోతదో లేదో ఆడామె ఎత్తుతాంది. స్వాగతం అంటాంది. నేను రాంగ్ నంబరని కట్ జేసిన. మల్ల ఇచ్చిన, మల్ల ఆమెనే. మా ముసల్ది పక్కనుండి ఎవలతోని మాట్లాడుతానవని నన్నే లొల్లి వెట్టింది."

నేను కల్పించుకుని, అది మనిషి కాదు కంప్యూటర్ అని, ఒకటి నొక్కాల్సిందని చెప్పాను. ఆయన నా వైపు తిరిగాడు.

"నా ఫోన్ల అంకెలన్ని అరిగిపోయినై సారూ. ఆకుపచ్చది, ఎర్రది, ఆ రెండే నాకు. నంబరు మా మనుమరాలు కొట్టిస్తది." మళ్లీ బావ వైపు తిరిగి గొంతు పెంచాడు. "వరి పొట్ట మీదున్నది. మడి నెర్రెలు బాసింది. పక్క బోరాయన కాళ్లు మొక్కి ఒక తడి పెట్టుకున్న. మా ఊరోళ్లు ఇద్దరు వేరే షాపుకు పోయిన్రు. నువ్వు దుకాణం బంద్ వెట్టినవనుకుంటాన్రు. ఒకాయనైతె నువ్వు సచ్చిపోయినవనే అన్నడు. పోతె మనకు కబురు రాదా, చూసొస్త అని నేను మోటర్ ఏసుకోని బయలెల్లిన."

బావ ఆయన పెదాలనే చూస్తున్నాడు. ఎంత అందిందో తెలియదు. కానీ కాలిన మోటారు వైపు చూసి, దాన్ని ముందుకు లాక్కుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. చేతిలో ఉన్న మిగతా పని పక్కన పెట్టేశాడు. ముసలాయన షాపులోనే కూర్చుని, పొద్దుగూకేదాకా తన ఊరి సంగతులన్నీ ఆయనకు చెబుతూనే ఉన్నాడు. బావ తీగ చుడుతూ మధ్యమధ్యలో తల ఊపాడు.

ఇద్దరు పోయారని ఆయన చెప్పింది ఒక్క ఊరి సంగతి. తక్కిన ఊళ్లలో ఎంతమంది డబ్బా మూత తెరిచి, స్వాగతం విని, కట్ చేసి, ఇంకో మిస్త్రిని వెతుక్కున్నారో తెలుసుకునే దారి లేదు. కంపెనీ నెలకోసారి మేనకోడలికి రిపోర్టు పంపేది. వచ్చిన కాల్స్ అన్నీ ఎత్తినట్టే ఉండేది అందులో. తప్పిపోయినవి ఏమీ లేవు. పత్రికలో ఉండగా ఇలాంటి రిపోర్టులు ఎన్నో చూశాను. అంకెలు అబద్ధం కావు, పొలం ఎండుతూనే ఉంటుంది.

మేనకోడలు ఊరుకోలేదు. డ్యూటీ మధ్యలో తీరిక దొరికినప్పుడల్లా ఆ రిపోర్టులో ఉన్న నంబర్లకు తిరిగి ఫోన్ చేసేది. సిస్టమ్ నుంచి చేస్తే అవతల హైదరాబాద్ నంబరు పడేది. లోను ఇస్తామనేవాళ్ల ఫోనో, మోసగాళ్ల ఫోనో అనుకుని చాలామంది ఎత్తేవారు కాదు. ఎత్తిన ఒకాయన ఆమెను మాట్లాడనివ్వలేదు. "ఓటీపీ నేను చెప్ప బిడ్డా. పేపర్ల సదివిన నీ అసొంటోళ్ల గురించి. మంచి పని చేసుకోని బతుకు" అని పెట్టేశాడు. ఆమె ఆ మాట నాకు నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టి, నవ్వుతూ ముగించలేకపోయింది.

ఏజెంటును మళ్లీ పిలిపించాం. మొదటి రింగుకు ఎత్తకుండా చేయొచ్చా అని అడిగాను. అతను తన ఫోనులో సెట్టింగులన్నీ తిప్పి చూశాడు. మర్యాదస్తుడే. "ఎత్తకుండ ఉండుడు దాంట్ల లేదు సార్. ఎత్తుడే దాని పని" అన్నాడు. అయితే నంబరు వెనక్కి ఇచ్చేయమన్నాను. ఒకసారి మారిన నంబరు కొంతకాలం దాకా మళ్లీ మారదన్నాడు. ఆ కాలం గడిచింది. అప్పటికి అతను ఆ ఉద్యోగంలో లేడు. హనుమకొండలో వాళ్ల ఆఫీసు ఉన్న గదికి వెళితే, అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. హైదరాబాద్ ఆఫీసుకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తారు. స్వాగతం చెప్పి, ఒకటి నొక్కమన్నారు. నొక్కాను. ఆ తర్వాత సంగీతం.

నంబరు ఇప్పుడు కంపెనీ పేరు మీద ఉంది కాబట్టి విడిపించమని కంపెనీయే అడగాలట. మేనకోడలు మెయిళ్లు రాసింది. అభ్యర్థన పరిశీలనలో ఉందని ప్రతిదానికీ జవాబు వచ్చింది. నేను మా పాత ఆఫీసుకు వెళ్లి, నా కుర్చీలో ఇప్పుడు కూర్చుంటున్న వ్యక్తికి సంగతి చెప్పాను. ఓపికగా విన్నాడు. "సార్, దీంట్ల మోసం చేసిందెవరు?" అని అడిగాడు. ఆలోచించాను. ఏజెంటు చేయలేదు. మేనకోడలు తండ్రి మంచే కోరింది. సిస్టమ్ చెప్పిందే చేసింది. "ఎవరూ చేయలేదు" అన్నాను. "మరి వార్తెట్లయితది సార్?" అన్నాడు. నేనైనా అదే అడిగేవాణ్ని.

ఈలోగా బావ ఒక కొత్త సిమ్ తీసుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా ఒక మధ్యాహ్నం షాపులో కూర్చుని, తన ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ వరుసగా మిస్డ్ కాల్ ఇచ్చాడు. కాలువ మీది ఐదు హెచ్‌పీకి, గుట్ట కింద మూడు హెచ్‌పీకి. తెలియని నంబరు నుంచి మిస్డ్ కాల్ వస్తే కొందరు పట్టించుకోలేదు. కొందరు ఎవరో తెలుసుకుందామని తిరిగి ఫోన్ చేశారు, చివరిదాకా మోగనిచ్చారు. బావ ఎదురుగా తెర వెలుగుతూ ఉంది. ఆయన దాన్ని చూస్తూ, అది ఎప్పుడు ఆగుతుందా, ఆగితే తిరిగి మిస్డ్ కాల్ ఇద్దామా అని కాచుకుని ఉన్నాడు. అప్పుడే షాపులోకి వచ్చిన నేను ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "వాళ్లు కట్ జేస్తరు. ఉండు" అన్నాడు.

చెవి మిషను పెట్టించుకొమ్మని అక్క పోరుతోంది. ఆయన తల ఊపుతున్నాడు.

ఇప్పుడు పొలానికి వెళ్లినప్పుడు ఎర్ర పెయింటుతో పాటు నల్ల పెయింటు కూడా సంచిలో వేసుకుంటున్నాడు. డబ్బా మూత లోపల పాత నంబరును నల్లగా కొట్టేసి, కింద కొత్తది రాస్తున్నాడు. లొల్లి ముసలాయన డబ్బాలో మొదటగా రాశాడు. అయితే కాలి షాపుకొచ్చిన మోటార్ల డబ్బాలనే ఆయన అలా దిద్దగలడు. కాలని మోటార్ల డబ్బాల్లో పాత నంబరే ఉంది. ఆ నంబరు ఇంకా కంపెనీ పేరు మీదే ఉంది, మొదటి రింగుకే ఎత్తుతోంది.